ఖాళీ చెరువులో చక్రం

ఫిబ్రవరి 2

కాలేజీ పిల్లలు వస్తారట. చేపల చెరువుల దగ్గర కరెంటు వాడకం ఎలా తగ్గించాలో చూసి చెబుతారట. మధ్యాహ్నం మరిది గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. లోపలికి రాలేదు. మా ఆయన పడుకున్న గదిలోకి రావాలంటే ఈ మధ్య మరిదికి ఏదో ఒక పని అడ్డం వస్తోంది. మన మోటార్లు నన్ను మించిన తాగుబోతులు వదినా, వాటి చేత మాన్పించడానికి వస్తున్నారు అని నవ్వాడు. మరిది టీ తప్ప ఏమీ తాగడు. ఆ టీ మాత్రం లెక్కలేకుండా తాగుతాడు.

వెళ్తూ వెళ్తూ కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. ఇంటి చెరువు సంగతి తను చూసుకుంటానన్నాడు.

ఇంటి చెరువంటే మా కిటికీ కింద ఉన్నది. మా చెరువులన్నిటిలోకీ చిన్నది, ఆయనకు అన్నిటికంటే ఇష్టమైనది. దాని మేత ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పోయిన ఆగస్టులో ముసురు పట్టిన ఒక పొద్దున దాని గట్టు మీదే కుప్పకూలారు. చక్రం స్విచ్ వేయడానికి వెళ్తూ పడ్డారు. అందరం ఆయన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. చక్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఎండ లేని రోజున చక్రం నీళ్ళను చిలికి గాలి కలపకపోతే చేపలకు ఊపిరి ఆడదు. అన్నీ తేలిపోయాయి. ఆయన ఇంటికి వచ్చేలోపు మరిది వాటిని తీసి పాతిపెట్టాడు.

ఆయనకు కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. కళ్ళు ఒకసారి మూసి తెరిస్తే అవునని. తల పక్కకు తిప్పితే కాదని. మనసుకు దెబ్బ తగిలే మాట ఏదీ చెవిన పడనివ్వకండి, ఇంకోసారి వస్తే చెప్పలేం అన్నారు డాక్టరు. ఇంటికి తెచ్చి కిటికీ పక్కన పడుకోబెట్టగానే తల అటు తిప్పి చెవి ఒగ్గారు. మంచం మీంచి ఆకాశం కనిపిస్తుంది కానీ నీళ్ళు కనిపించవు. నేను బయటికి వెళ్ళి చక్రం వేసి వచ్చాను. ఆయన మొహం తేటపడింది.

కరెంటు పోయినా జనరేటరు ఉంది, అప్పటినుంచి ఆ చక్రం ఆగలేదు. చేప లేని చెరువులో తిరుగుతూనే ఉంది.

ఉదయం ఎనిమిదింటికి జావ తాగిస్తూ చేపల కబుర్లు చెబుతాను. మేత బాగా తిన్నాయని, ఒకటి ఎగిరి గట్టు మీద పడిందని. అంతకుముందే దీపం పెట్టి, ఈ అబద్ధానికి క్షమించమని దేవుణ్ణి అడుగుతాను. అడిగిన గంటకు మళ్ళీ చెబుతాను. ఆయన్ని ఒంటరిగా వదలలేక దేవుడి అలమర కూడా మొదటి వారంలోనే ఈ గదిలోకి మార్చాను. చక్రం మోతలో నా గొంతు నాకే వినిపించదు. మోత లేని చోట కూడా నా మాట ఎవరికీ అందదు, అది వేరే సంగతి. వదిన నోట్లో సైలెన్సర్ ఉందని మా పెళ్ళినాటి నుంచీ మరిది జోకు.

ఫిబ్రవరి 4

ఇద్దరు వచ్చారు. ఒకడు గుమ్మం తగలకుండా వంగి రావాల్సినంత పొడుగు. ఇంకొకతె చిన్న పిల్ల, మొహంలో సగం కళ్ళజోడే. టీ తాగుతారా అని అడిగితే ఏంటాంటీ అన్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ ఏంటాంటీ అన్నారు. ఇక అడగకుండా తెచ్చిచ్చాను.

వాళ్ళ దగ్గర బట్టల క్లిప్పులాంటి మీటరు ఉంది. మోటారు వైరుకు తగిలిస్తే అదెంత కరెంటు లాగుతోందో చెబుతుంది. చూసిన ప్రతి మోటారుకీ నంబరు వేసి పసుపు స్టిక్కరు అంటిస్తున్నారు. మరిది వాళ్ళ వెనకే తిరుగుతూ, జ్వరం చూస్తున్నారా, మందు కూడా రాస్తారా అని ఏడిపిస్తున్నాడు. ఫోన్ వస్తే రోడ్డు మీదికి వెళ్ళాడు.

పదకొండింటికి వంటింట్లో ఉన్నాను. చక్రం ఆగిపోయింది.

ఆరు నెలల్లో ఆ నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. వెంటనే గదిలోంచి ఆయన అరుపు. గిన్నె వదిలేసి పరుగెత్తాను. ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుని లేవబోతున్నారు. పడుకోండి, ఇప్పుడే వేస్తానని బయటికి ఉరికాను. పొడుగబ్బాయి స్విచ్ దగ్గర నిలబడి ఉన్నాడు, మంచి పని చేసినవాడి మొహంతో.

"ఆంటీ, ఇందులో చేపల్లేవు. ఎవరో మరిచిపోయి ఆన్‌లో వదిలేశారు" అన్నాడు. కిటికీ కిందే. అంత గొంతేసుకుని.

పరాయి పిల్లాడి నోరు అరచేత్తో మూశాను. నేనా పని చేస్తానని కలలో కూడా అనుకోలేదు. రెండో చేత్తో స్విచ్ వేశాను.

తర్వాత ఇద్దరినీ మోటారు షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి సంగతి చెప్పాను. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఈసారి ఇద్దరూ వంగి విన్నారు. పొడుగబ్బాయికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. కళ్ళజోడమ్మాయి జోడు తీసి చున్నీ కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. ఆ ఒక్క మోటారుకి స్టిక్కరు అంటించలేదు.

ఆయనకు వినిపించిందో లేదో. మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు.

ఫిబ్రవరి 5

పొడుగబ్బాయి వచ్చి మంచం పక్కన కింద కూర్చుని ఆయనకు సారీ చెప్పాడు, తను చేసిన తప్పేమిటో మాత్రం చెప్పకుండా. ఆయన చాలాసేపు వాణ్ణి చూసి, ఎడమ చేత్తో వాడి జుట్టు చెరిపారు.

ఫిబ్రవరి 9

మరిదికీ కళ్ళజోడమ్మాయికీ ఇవాళ పెద్ద వాదన.

చెరువుకు నీళ్ళు పెట్టే పెద్ద మోటారు వాల్వు ఎప్పుడూ సగం మూసే ఉంటుందట. పూర్తిగా తెరిస్తే నీళ్ళు మరీ జోరుగా వచ్చి గట్టు కోసేస్తున్నాయని మరిదే మూశాడు, ఎన్నేళ్ళ క్రితమో. మనిషి గొంతు పట్టుకుని పాట పాడమన్నట్టుంది అంకుల్ అందట ఆ పిల్ల. మోటారేమో పూర్తి కరెంటు తాగుతుంది, నీళ్ళేమో సగమే వస్తాయి. ఈ పనికి చిన్న మోటారు చాలంది. చిన్న మోటారు మీ ఇంట్లో బకెట్లు నింపుకోవడానికి పనికొస్తుందన్నాడు మరిది.

తర్వాత మిట్టమధ్యాహ్నం చక్రాలు తిప్పొద్దంది. ఎండలో పచ్చటి నీళ్ళు తమంతట తామే గాలి తయారుచేసుకుంటాయి, అప్పుడు చక్రం తిప్పితే ఎక్కువైన గాలి బయటికి పోతుందట. నా చేపలకు గాలి ఎక్కువైతే నీకెక్కడ నొప్పి అన్నాడు. ఆ పిల్ల నీళ్ళలో గాలి కొలిచే కడ్డీ ముంచి, దాని మీటరు మరిది చేతిలోనే పెట్టింది. చక్రం తిరుగుతున్నకొద్దీ అంకె దిగుతోంది. మరిది దాన్ని ఎండలోంచి నీడకు, నీడలోంచి ఎండకు తిప్పి చూశాడు. చివరికి టీ కావాలన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

సాయంత్రం ఆ పిల్ల నాతో కూరగాయలు తరుగుతూ చెప్పింది. ఇక్కడ చక్రం తిరగాలంటే ఎక్కడో బొగ్గు కాలాలట. ఆ పొగకి ఏటికేడూ ఎండ ముదురుతోంది. నీళ్ళు వేడెక్కితే వాటిలో గాలి నిలవదు. అప్పుడు చక్రం ఇంకా ఎక్కువసేపు తిప్పాలి. ఇంకా బొగ్గు కాలాలి. తిరిగి తిరిగి మన గుమ్మంలోకే వస్తుందాంటీ అంది. ఇంటి చెరువు ఊసెత్తలేదు. కత్తిపీట మీంచి తల కూడా ఎత్తలేదు.

కంచంలో మెతుకు వదలడానికి నాకు మనసొప్పదు. కుళాయి కారుతుంటే లేచి వెళ్ళి కట్టేసి వస్తాను. అలాంటిది ఈ గట్ల మీద అందరికంటే ఎక్కువ దండగ చేస్తున్నది రోజూ దేవుడి ముందు దీపం పెట్టే నేనే.

ఫిబ్రవరి 10

ఇవాళ రెండిటికి క్షమాపణ అడిగాను. అబద్ధానికి, దండగకి.

ఫిబ్రవరి 16

పెద్ద చెరువులో వాళ్ళ యంత్రం పెట్టారు. నీళ్ళలో గాలి తగ్గితే చక్రం దానంతటదే తిరుగుతుంది, చాలనుకుంటే దానంతటదే ఆగుతుంది. మనుషులకు ఉండని బుద్ధి డబ్బాకు ఉంటుందా అని మరిది రెండు రోజులుగా గట్టు మీద గొడుగు వేసుకుని కాపలా కూర్చున్నాడు. నేను భోజనం అక్కడికే పంపాను.

ఇవాళ మధ్యాహ్నం మబ్బేసింది. మరిది లేచి స్విచ్ దగ్గరికి నడుస్తున్నాడు. చెయ్యి చాచేలోపే చక్రం తిరిగింది. నన్ను చూసి భయపడి తిరిగింది వదినా అన్నాడు, కానీ మళ్ళీ గొడుగు దగ్గరికి వెళ్ళలేదు. ఇంటికి పోయి పడుకున్నాడు. ఆగస్టు తర్వాత మరిది పగలు కునుకు తీయడం ఇదే మొదటిసారట. తోటికోడలు ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. మబ్బు కనిపిస్తే చాలు, మనిషి గట్టు వదిలేవాడు కాదట.

మరిది అంత భయపడుతున్నాడని నాకు తెలియదు.

ఫిబ్రవరి 20

నేనే అడిగాను. ఇంటి చెరువు చక్రం ఆపి కూడా ఆయనకు ఆ చప్పుడు వినిపించే మార్గం ఏదైనా ఉందా అని.

కళ్ళజోడమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "దాన్ని ఆపమని మేం అడగం ఆంటీ. అది మా లెక్కలో లేదు" అంది.

నా లెక్కలో ఉందమ్మా అన్నాను.

చక్రం చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి కిటికీ బయట చిన్న స్పీకరు పెడదామంది. కాసేపు రికార్డు చేస్తే చాలు, అదే మళ్ళీ మళ్ళీ మోగుతుంది. చక్రం లాగేదానిలో పిసరంత కరెంటు కూడా పట్టదట. సరేనన్నాను. దండగ పోతుంది. అబద్ధం మాత్రం ఇంకో అంతస్తు లేస్తుంది. దేవుడితో ఏం చెప్పాలో తెలియలేదు.

ఫిబ్రవరి 22

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే రికార్డు చేశారు. పదింటికి స్పీకరు బిగించారు. కళ్ళజోడమ్మాయి స్పీకరు దగ్గర, పొడుగబ్బాయి స్విచ్ దగ్గర, ఇద్దరికీ మధ్య మరిది చెయ్యెత్తి నిలబడ్డాడు. చెయ్యి దించగానే ఇది ఆగాలి, అది మోగాలి. గోడ దూకే దొంగల్లా ఉన్నారు ముగ్గురూ. నేను గదిలో ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను.

చప్పుడు తెగలేదు. ఆయన కనురెప్ప కూడా కదపలేదు. కిటికీలోంచి తొంగిచూస్తున్న పొడుగబ్బాయికి తల ఊపాను. ఆయన గోళ్ళు తీయడం మొదలుపెట్టాను.

కాసేపటికి చక్రం మోత మధ్యలో మరిది తుమ్ము వినిపించింది. మరిది తుమ్మితే పిట్టలు లేచిపోతాయి, అంత తుమ్ము. నేను పట్టించుకోలేదు. ఇంకో చేతి గోళ్ళు సగంలో ఉండగా మళ్ళీ అదే తుమ్ము. తుమ్ము తర్వాత, అయ్యో రామా అన్నట్టు మరిది తీసే అదే మూలుగు. ఆయన కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. గుమ్మంలో మరిది నిలబడి ఉన్నాడు, నోరు మూసుకుని, బిక్కచచ్చిపోయి. పొద్దున రికార్డు చేసేటప్పుడు తుమ్మాడు, ఎవరూ గమనించలేదు.

లేచి ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పాలి? మూడోసారి తుమ్ము వచ్చింది. మూలుగు వచ్చింది.

ఆయన భుజాలు అదిరాయి. నోరు ఒక పక్కకు వంకరపోయింది. మళ్ళీ ఏదో వచ్చిందనుకుని డాక్టరుకి ఫోన్ చేయమని అరిచాను, ఎవరికీ వినిపించినట్టు లేదు. తర్వాత అర్థమైంది. నవ్వుతున్నారు. ఎడమ చెంప మీదుగా నీళ్ళు కారుతున్నాయి, ఒళ్ళంతా ఊగిపోతోంది, గొంతులోంచి ఎండిన చేతి పంపు కొట్టినట్టు గరగర చప్పుడు. ఆగస్టు నుంచి ఆయన నవ్వగా చూడలేదు. నాలుగో తుమ్ము కోసం చూపుడు వేలు పైకెత్తి ఎదురుచూశారు. వచ్చింది. వేలు దించారు.

మరిది వరండాలోకి వెళ్ళిపోయాడు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి అక్కడ నిజంగానే తుమ్మాడు. ఆయన ఇంకా నవ్వారు.

ఫిబ్రవరి 23

తెల్లారాక భయం పట్టుకుంది. ఆ చప్పుడు రికార్డని ఆయనకు తెలిసిపోయింది. అయితే చక్రం తిరగడం లేదనీ తెలిసినట్టే. మరి ఎందుకు తిరగడం లేదని అడుగుతారు. అడగలేరు కాబట్టి మనసులో పెట్టుకుంటారు. అదింకా ప్రమాదం.

మళ్ళీ నిజం చక్రమే వేయించాను. పిల్లలు మారు మాట్లాడకుండా వేశారు.

ఆయన మొహం తేటపడలేదు. కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగారు.

ఫిబ్రవరి 27

రేపు తెల్లవారుజాము నుంచి పదింటివరకూ చెరువులన్నిటికీ, ఇంటికీ కరెంటు ఉండదు. అన్ని చక్రాలకూ ఆ యంత్రాలు బిగించి కొత్త బోర్డు పెడుతున్నారు. పాత బోర్డుకు కట్టిన మా జనరేటరూ పనిచేయదు, పెద్ద చెరువులకు అద్దెది వస్తుంది, అది దూరంగా ఉంటుంది. కళ్ళజోడమ్మాయి స్పీకరు ఛార్జింగ్ పెట్టి నా చేతికిచ్చింది. తుమ్ము కత్తిరించేశానంది. పోనీ ఉంచవలసింది అన్నాను. ఏంటాంటీ అంది.

ఫిబ్రవరి 28

పొద్దున లేచేసరికే చక్రం ఆగిపోయి ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. దీపం పెట్టాక స్పీకరు వేద్దామనుకున్నాను. దేవుడి పని ముందు. రోజూ చెప్పే మాటలే మొదలుపెట్టాను. ఆరు నెలలుగా దాదాపు అవే మాటలు.

"దేవుడా, ఈయనకి ఈ పూట కూడా అబద్ధమే చెప్పబోతున్నాను. చెరువులో చేపల్లేవు. ఈయన్ని నిలబెట్టుకోవడానికి నాకు వేరే దారి తెలియలేదు. నన్ను క్షమించు."

నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. గది నిండా ఉంది అది. గోడకు తగిలి తిరిగొచ్చింది. నేను మనసులో అనుకుంటున్నానని నమ్మినవన్నీ నోటితోనే అంటున్నాను. రోజూ. ఆయన తలగడకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని.

తిరిగి చూశాను. కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నారు. ఎడమ అరచెయ్యి గుండెల మీద నిలువుగా పెట్టుకున్నారు, జోడించడానికి రెండో చెయ్యి లేవక. నాకు చివరి మాట నోట్లోనే ఆగిపోయింది. ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు కానీ ఆ కదలిక నాకు తెలుసు. ఈయన్ని కాపాడు, అని ముగిస్తాను నేను రోజూ. ఆయన పెదవులు ఆ మాటకు నా కంటే ముందే చేరుకున్నాయి. ఈయన్ని అన్నచోట మాత్రం వేరే ఏదో కదిలింది. ఈమెని, అని నేననుకుంటున్నాను.

తెలుసా అని అడిగాను.

కళ్ళు మూసి తెరిచారు.

మొన్న ఆ అబ్బాయి అరిచినప్పుడా అన్నాను. తల పక్కకు తిప్పారు. తుమ్ము విన్నప్పుడా అన్నాను. మళ్ళీ తిప్పారు. ఎప్పటినుంచి అన్నాను. ఆయన చూపు నెమ్మదిగా దేవుడి అలమర మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. అది ఈ గదిలోకి వచ్చిన మొదటి వారం నుంచి.

పక్క చెరువు మీద మోటారు బేరింగు అరిగితే నిద్రలోనే పసిగట్టే చెవి ఆయనది. ఆ చెవికి ఎన్ని చక్రాల మోత అడ్డం? నేనే ఆలోచించలేదు. నా మాట ఎవరికీ వినపడదని అలవాటైపోయింది.

మంచం మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన చెయ్యి నా నెత్తి మీదే ఉంది. స్పీకరు సంగతి ఇద్దరం మరిచిపోయాం.

ఫిబ్రవరి 28, మధ్యాహ్నం

ఒకటి మిగిలింది. ఆ రోజు చక్రం ఆగినప్పుడు మరి ఎందుకలా అరిచారని అడిగాను. ఎడమ చెయ్యి ఎగరేసి వదిలేశారు. నాకిలా తోచింది. అన్నేళ్ళు ఆ చప్పుడు పక్కన బతికినవాడు. అది ఆగితే ముందు ఒళ్ళు లేస్తుంది, తెలివి తర్వాత లేస్తుంది. అంతే అయుండాలి.

ఇన్ని నెలలూ నా కోసం ఆ మోత భరించారు. నేను ఆయన కోసం తిప్పాను. డాక్టరుకి చెబితే నవ్వుతారు.

మార్చి 2

మరిదికి చెప్పాను. గట్టు మీదే కూలబడ్డాడు. ఆ చేపల్ని నా చేత్తో తీశాను వదినా, అన్నయ్య మొహం చూడలేక గదిలోకి రావడం మానేశాను అన్నాడు. అది నాకు తెలుసన్నాను.

లేచి చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గరే ఆగాను. "నేనన్నా గుర్తుపెట్టుకుని ఉండాల్సింది అన్నయ్యా" అన్నాడు. ఆయన ఎడమ చేత్తో దగ్గరికి రమ్మన్నారు. మరిది తల వంచాడు, కొడతారేమో అన్నట్టు. ఆయన తమ్ముడి ముక్కు పట్టుకుని గట్టిగా పిండారు.

చక్రం వేయలేదు.

మార్చి 6

నిశ్శబ్దం ఇంకా అలవాటు కాలేదు. చెంచా కింద పడితే ఇద్దరం ఉలిక్కిపడుతున్నాం. తోటికోడలు వచ్చి, వినిపించేలా మాట్లాడుతున్నావేంటక్కా అంది. నేను గొంతు పెంచలేదు. అడ్డం తప్పుకుంది, అంతే.

ఎనిమిదింటికి జావ తాగించి గిన్నె తీస్తుంటే ఆయన మంచం మీద అరచేత్తో తట్టారు. మంచినీళ్ళా అంటే కాదు. మందా అంటే కాదు. కిటికీ వైపు చూసి మళ్ళీ తట్టారు. చేపల కబుర్లు కావాలట.

చేపల్లేవు కదండీ అన్నాను. తట్టారు.

కూర్చున్నాను. ఒకటి గట్టు మీదికి ఎగిరి నా కాలి మీద పడిందని, మీరెలా ఉన్నారని అడిగిందని చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు. పొద్దున క్షమాపణ అడగలేదు. మధ్యాహ్నం కూడా అడగాలనిపించలేదు.

మార్చి 21

పిల్లలు ఇవాళ వెళ్ళిపోయారు. వచ్చినప్పటి కంటే కరెంటు వాడకం బాగా తగ్గిందట. పెద్ద మోటారు స్థానంలో చిన్నది వచ్చింది. బకెట్లు నింపే మోటారు అని మరిది ఇంకా దాన్ని అలాగే పిలుస్తున్నాడు, కానీ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. పక్క చెరువుల వాళ్ళకు వాల్వు గురించి క్లాసు పీకుతున్నాడు, గొంతు పట్టుకుని పాట పాడమనే మాట తన సొంతమైనట్టు.

వెళ్ళేముందు ఒక పని జరిగింది. మరిది పొద్దున చేపపిల్లలు తెప్పించాడు. గుమ్మం మెట్ల మీద పొడుగబ్బాయి వాలుగా చెక్క పలకలు పరిచాడు. ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ఇంటి చెరువు గట్టు మీదికి తోసుకెళ్ళారు. ఆగస్టు తర్వాత ఆయన ఆ నీళ్ళు చూడటం ఇదే. చాలాసేపు చూశారు. బకెట్టు ఒళ్ళో పెడితే ఎడమ చేత్తో అంచు పట్టుకున్నారు. నేను అడుగు పట్టుకున్నాను. వంచాం. చేపపిల్లలు వెండి తునకల్లా జారి మాయమైపోయాయి.

కళ్ళజోడమ్మాయి గాలి కొలిచే కడ్డీ నీళ్ళలో దింపింది. పొడుగబ్బాయి జేబులోంచి పసుపు స్టిక్కరు తీసి ఆ మోటారుకి అంటించాడు. అన్నిటిలోకీ చివరి నంబరు. వెలిసిపోకుండా పైన ప్లాస్టిక్ కూడా చుట్టాడు.

ఆటో ఎక్కబోతూ ఆ పిల్ల వెనక్కి వచ్చి నన్ను కౌగలించుకుంది. నా ప్రార్థనలో తన పేరు కూడా చేర్చమని అడిగింది. ఎప్పుడో చేర్చానని చెప్పాను. ఏంటాంటీ అనలేదు.

చేపలు చిన్నవి. వాటికి ఉన్న గాలి చాలు. చక్రం ఊరికే కూర్చుంది.

జూన్ 18, సాయంత్రం 4

మబ్బు కమ్మింది. గాలి స్తంభించింది. కిటికీ బయట టక్కుమంది, ఆ వెంటే చక్రం. ఎవరూ స్విచ్ వేయలేదు.

ఆయన మంచం మీద తట్టారు. ఎనిమిదింటి కబురు నాలుగింటికి అడుగుతున్నారు.

"ఊపిరి పీలుస్తున్నాయండీ" అన్నాను.

గట్టు మీంచి మరిది, ఎవరా గొంతు అని కేకేశాడు.